నీడపట్టు మనిషి

రంగుల కార్ఖానా వెనక వీధి

తమ్ముడికి దీవెనలు.

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తు ఉండాల్సిన చోట ఉండదు, అక్కర్లేని చోట ఉంటుంది. తప్పులుంటే మన్నించి చదువుకో. మా ఊరి బడిలో చదివిన నాలుగు అక్షరాలే నాకున్నవి. ఫోనులో చెబుదామంటే అది మీ వదిన చెవికి అతుక్కుని ఉంటుంది. అక్కాచెల్లెళ్ల మాటలు అయ్యేసరికి అందులో ప్రాణం ఉండదు. ఉన్నా నాకు ఫోనులో మాట రాదు. హలో అన్నాక ఏమనాలో తెలీదు.

సంగతేమిటంటే నాకు పని మారి ఆరేడు నెలలైంది. ఇన్నేళ్లూ రంగేసిన బట్టను ఎండలో తీగల మీద ఆరేయడం, తిరగేయడం, తీసి మడతపెట్టడం నా పని. ఎండకి రంగు వెలిసిపోతోందని కొన్నవాళ్లు గొడవ చేశారట. యజమాని ఆరబెట్టే మిషను తెప్పించాడు. దానికో గది కట్టించాడు. కిటికీలు లేవు, ట్యూబులైట్లే. నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. స్టూలు కూడా ఇచ్చారు. పచ్చ బటను నొక్కితే బట్ట లోపలికి పోతుంది, ఎర్ర బటను నొక్కితే ఆగుతుంది. పొద్దస్తమానం గుర్రుమంటుందని మావాళ్లు దానికి అత్తగారని పేరు పెట్టారు.

ఒకే ఇంటికి అల్లుళ్లమైనా మామగారు మనల్ని ఒకలా చూడలేదు. ఇంటికి ఎవరొచ్చినా ఆయనది ఒకటే మాట. "పెద్దల్లుడు ఎండన పడే మనిషి. చిన్నల్లుడు నీడపట్టు మనిషి." బీమా ఆఫీసు ఫైళ్ల గదిలో నీ ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతే మారిపోయేది. ఇప్పుడు నేనూ నీడపట్టు మనిషినే. ఆయన లేరు, చూడ్డానికి.

చిన్న బొజ్జ కూడా వచ్చింది. మీ వదిన "ఇన్నాళ్లకి మా మరిదిలా కనపడుతున్నావు" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతే సంగతులు. 
అన్నయ్య

*

బీమా ఆఫీసు, నేలమాళిగ

అన్నయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి మా ఆవిడ, "బావగారు ఇన్ని మాటలు రాశారా! ఇన్నేళ్లలో నాతో మొత్తం కలిపి ఇన్ని మాట్లాడలేదే" అంది. స్టూలు దక్కినందుకు సంతోషం.

కానీ మీకు కన్నుకుట్టే నీడ నన్నెలా చేసిందో చెప్పాలి. కొన్నాళ్లుగా తొడలు గుంజేస్తున్నాయి. కింద కూర్చుంటే లేవలేను. మొన్న కింది అరలోంచి ఫైలు తీద్దామని గొంతుకూర్చుని అలాగే ఉండిపోయాను. మా ప్యూను చెయ్యిచ్చి లేపుతూ, "ఫైలు దొరికిందా సార్, మీరే దొరికారా?" అన్నాడు. మెట్లెక్కితే ఆయాసం. మధ్యాహ్నం అన్నం తినగానే కళ్లు మూతలు పడిపోతాయి.

డాక్టరు రక్తం తీయించాడు. విటమిన్ డి పన్నెండే ఉందట. ముప్ఫై దాకా ఉండాలట. చక్కెర ఇంకా జబ్బు కాలేదు గానీ గట్టు మీద నిలబడి ఉందట. "మీరు చివరిసారి ఎండలో ఎప్పుడు నడిచారు?" అని అడిగాడు. ఆలోచించాను, గుర్తు రాలేదు. పొద్దున్నే బస్సు, తర్వాత ఈ గది, చీకటి పడ్డాక మళ్లీ బస్సు. మందు రాశాడు. ఎండలో తిరగమన్నాడు, నడవమన్నాడు, పొట్ట తగ్గించమన్నాడు.

నిజం చెప్పనా అన్నయ్య గారూ? ఆయన ఎండ అనగానే నాకు మీ పిక్కలు గుర్తొచ్చాయి. తాళ్లు పేనినట్టు ఉంటాయి. కుళ్లుకున్నాను.

వదిన గారిని అడిగానని చెప్పండి.

*

రంగుల కార్ఖానా వెనక వీధి

తమ్ముడికి దీవెనలు.

ఉత్తరం అందింది. నీ ఒంట్లో బాగా లేనందుకు విచారం.

ఇక్కడ మీ వదిన మిగతా పనులన్నీ మానేసింది. ఏ వారం ఫోను మోగినా నీ విటమినే. కళ్లు తుడుచుకుంటుంది. "పాపం, నీడలో పెరిగిన మొక్క" అంటుంది. నేను వేసవిలో తీగల కింద పడిపోయి ఇంటికొస్తే చెంబుతో నీళ్లు ముఖాన కొట్టి పనిలోకి పొమ్మంది. నాకు జబ్బు చేస్తే దానికి పేరుండదు. నీకు చేస్తే ఇంగ్లీషు పేరు.

కోపగించుకోకు. రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. నీ పెళ్లినాడు మామగారింట్లో ఒకటే ఫ్యాను. తల తిప్పే ఫ్యాను. దాన్ని నీ వైపు తిప్పి తల బిగించేశారు. నేను పక్కనే కూర్చున్నాను. గాలి నీ చెవి దాకా వచ్చి ఆగిపోయింది. నా చొక్కా పిండుకునేలా తడిసింది. అది ఏ వారమో కూడా గుర్తుంది, గురువారం.

నాకిక్కడ బాగానే ఉంది. గదిలో ఎండ లేకపోయినా అత్తగారి దగ్గర వేడి ఉంటుంది. చెమట పడుతుంది. ఎండ చేసే పని వేడి చెయ్యదా ఏం?

*

బీమా ఆఫీసు, నేలమాళిగ

అన్నయ్య గారికి,

చెయ్యదట. మీరడిగారని డాక్టరునే అడిగాను. వేడి వేరు, ఎండ వేరు. ఎండ చర్మం మీద పడాలి. పొయ్యి ముందు ఎంత కూర్చున్నా లాభం లేదన్నాడు.

ఇక ఫ్యాను సంగతి. మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. ముందు నోరు తెరిచింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ ఫ్యాను మెడ విరిగి అప్పటికే ఏడాదైంది! గోడకి ఆనిస్తేగాని నిలబడేది కాదు. ఎవరు బిగిస్తారు దాన్ని?" అంది. ఇన్నేళ్లూ మీరు మెడ విరిగిన ఫ్యాను మీద పగబట్టారన్నమాట.

నాదీ ఒకటుంది, వినండి. మామగారు మంచంలో ఉన్నప్పుడు మనిద్దరం రెండు పక్కలా ఉన్నాం. ఆయన్ని లేపి కూర్చోబెట్టాలి. నేను చేతులు చాపాను. ఆయన నన్ను చూసి, "నువ్వుండు బాబూ, పెద్దాడు లేపుతాడు" అన్నారు. మీరు ఒక్క చేత్తో పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తారు. నీడపట్టు మనిషి అనే మాటలో మెప్పు ఎంతుందో, పనికిరాడు అనేదీ అంతే ఉందని నాకు ఆ రోజు తెలిసింది. మీకు చెప్పలేదు. చెప్పడానికి మీరు మాట్లాడరు కదా.

ప్రస్తుతం భోజనాల వేళ ఆఫీసు డాబా మీద చొక్కా చేతులు పైకి మడిచి ఎండలో తిరుగుతున్నాను. పైన టైపు చేసే ఆవిడ, లెక్కలాయన కూడా చేరారు. వాళ్లవీ తక్కువేనట. ముగ్గురం గానుగెద్దుల్లా నీళ్ల ట్యాంకు చుట్టూ తిరుగుతాం.

*

రంగుల కార్ఖానా వెనక వీధి

తమ్ముడికి దీవెనలు.

ఫ్యాను సంగతి మీ వదినని అడిగాను. నిజమేనంది. "నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్ని కదా" అంది. నేనెప్పుడు ఏం అడిగాను గనక.

ఒక కబురు. కార్ఖానాలో డాక్టర్లు వచ్చి అందరికీ రక్తం తీశారు. గదిలో పనిచేసే మాకు అందరికీ విటమిన్ తక్కువే. ఇప్పటికీ ఎండలో తెల్లబట్ట ఆరేసేవాళ్లకి చాలామందికి బాగానే ఉంది. నాది తొమ్మిది. నీది పన్నెండు కదా. నాది ఇంకా తక్కువ. చక్కెర నాకూ గట్టు మీదే ఉంది.

మీ వదిన ముఖం చూడాల్సింది. చెల్లెలికి ఫోను చేసి, "మా ఆయనది తొమ్మిదే" అని గట్టిగా చెప్పింది. ఆ రోజు నాకు అన్నం మెత్తగా వండింది. మంచం మీద దిండు ఇంకొకటి వేసింది. నాకు బాగానే అనిపించింది. అబద్ధం ఎందుకు.

మాత్రలు ఇచ్చారు. ఎలా వేసుకోవాలో డాక్టరమ్మ తొందరలో చెప్పింది. నా వెనక పెద్ద వరస ఉంది, మళ్లీ అడగడానికి మొహమాటం వేసింది. కాగితం మీద ఆమె రాత నా రాతకంటే అన్యాయం. మీ వదినని అడిగితే వెంటనే మీ ఇంటికి ఫోను. అందుకే నిన్ను అడుగుతున్నాను. నీకిచ్చినవీ అవేనట. నువ్వెలా వేసుకుంటున్నావో రాయి.

*

బీమా ఆఫీసు, నేలమాళిగ

అన్నయ్య గారికి,

తొమ్మిదా? మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఏం చెప్పమంటారు! "చూశారా, పెద్దాయనది తొమ్మిది. పన్నెండుకే మీరింత హడావిడి చేశారు" అంది. చివరికి నా జబ్బులో కూడా నన్ను దాటేశారు. మీరు నవ్వుకుంటూ ఉంటారని తెలుసు.

మాత్ర సంగతి. ప్రతి వారం ఒకటి. అన్నం తిన్నాక వేసుకోండి. ఒక్క వారం కూడా తప్పకూడదని మా డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను తప్పలేదు. అయినా మీ డాక్టరమ్మ ఏం చెప్పిందో ఇంకోసారి కనుక్కుంటే మంచిది.

మాత్రతోనే అంతా అయిపోదు. చక్కెర దిగాలంటే కాళ్లు కదలాలట. నిన్న మా గది నుంచి డాబా దాకా మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను. మా ప్యూను చప్పట్లు కొట్టాడు. బెల్టు ఒక బెజ్జం లోపలికి వెళ్లింది. మీరూ స్టూలు దిగి కాస్త తిరగండి.

*

రంగుల కార్ఖానా వెనక వీధి

తమ్ముడికి దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. రాయబుద్ధి కాలేదు. ఏం చేయబుద్ధీ కావడం లేదు.

నువ్వు మెట్లెక్కుతున్నావని మీ వదిన ఊరంతా చెప్పింది. "మరిది చూడు, పడుచువాడైపోయాడు. నువ్వు చూడు" అంటుంది. దిండు తీసేసింది.

నేనేం తక్కువ చెయ్యలేదు. నువ్వు రాసినట్టే చేస్తున్నాను. ఇన్ని నెలల్లో ఒక్క వారం తప్పలేదు. ఆదివారం తప్పలేదు, సోమవారం తప్పలేదు, శనివారం దాకా ఏ వారానికి ఆ వారం ఒకటి వేసుకున్నాను. అయిపోతే మందుల షాపులో తెచ్చుకున్నాను. ఖాళీ అట్ట చూపిస్తే షాపతను ఇంకేమీ అడగడు. మీ వదిన కళ్లబడకుండా అత్తగారి వెనక అరలో పెట్టుకుంటున్నాను. మాత్రల్లో మాత్రం నువ్వు నన్ను దాటలేవు.

అయినా నీకు పట్టినట్టు నాకు పట్టడం లేదు. అన్నం సయించదు. వాంతి వచ్చినట్టుంటుంది. దాహం తీరదు, ఎన్ని నీళ్లు తాగినా నాలిక పిడచగడుతుంది. మాటిమాటికీ లేచి బయటికి పోవాలి. మొన్న ఎర్ర బటను బదులు పచ్చది నొక్కాను. బట్టంతా చుట్టుకుపోయింది. యజమాని వచ్చి నన్నూ బట్టనూ చూసి పోయాడు. నిన్న మా వీధిలోకి వచ్చి ఇల్లు ఏదో ఒక్క క్షణం తోచలేదు.

ఇవన్నీ మీ వదినకి చెప్పకు. నీ ఒంటికి ఏదైనా పడుతుంది. నాది ఎండన పడ్డ ఒళ్లు, దానికి మందు కూడా పట్టదు కాబోలు.

*

బస్సులో

అన్నయ్యా,

ఇది పోస్టులో వేసే ఉత్తరం కాదు. వచ్చి నీ చేతికే ఇస్తాను. వదినకి ఫోను చేశాను, ఆసుపత్రికి తీసుకెళుతోంది. ఫోను నీకివ్వమన్నాను. నువ్వు హలో అని ఊరుకున్నావు. నాకూ మాట రాలేదు. అందుకే రాస్తున్నాను.

వారం అంటే రోజు కాదన్నయ్యా. ఆదివారం నుంచి మళ్లీ ఆదివారం. ఏడు రోజులకి ఒక్కటి. ఒక్కటే! నువ్వు ఏడు వారాల నగలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టుకున్నావు. అది మామూలు మాత్ర కాదు, ఏడు రోజులకి సరిపడే మందు ఒక్కదాంట్లో కుక్కి ఉంటుంది. రోజూ మింగితే ఒంట్లో సున్నం, అదే కాల్షియం, పెరిగిపోతుందట. ఆ దాహం, ఆ వాంతులు, దారి తోచకపోవడం దానివల్లే. మూత్రపిండాలు దెబ్బతింటాయట. మా డాక్టరు నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

నాదే తప్పు. ఏడు రోజులకొకటి అని రాస్తే నా సొమ్మేం పోయేది? నీ తొమ్మిది చూసి ఉడుక్కుంటూ రాశాను, నా మెట్ల గొప్ప చెప్పుకోవాలనే తొందరలో.

నాకెవరున్నారన్నయ్యా కుళ్లుకోవడానికి? అన్నదమ్ములు లేరు. నువ్వు పోతే నా పిక్కలు ఎవరితో పోల్చుకోను? డాక్టరు ఏమడిగినా చెప్పు. మొహమాటపడకు. షాపులో కొన్నవి కూడా చెప్పు. దయచేసి నోరు విప్పు.

బస్సు కుదుపులకి నా రాత నీ రాతలా అయింది.

*

రంగుల కార్ఖానా వెనక వీధి

తమ్ముడికి దీవెనలు.

నువ్వు వెళ్లాక రాస్తున్న మొదటి ఉత్తరం. ఒంట్లో నీరసం పోలేదు కాబట్టి రాత ఇంకా దరిద్రంగా ఉంటుంది.

సెలైన్లు ఎక్కించింది పనిచేసింది. మొన్న మళ్లీ రక్తం చూశారు. సున్నం దిగిందట. మూత్రపిండాలు కోలుకుంటున్నాయట, జాగ్రత్తగా ఉండమన్నారు. ఆ మాత్రలు ముట్టుకోవద్దన్నారు. చక్కెర మాత్రం గట్టు మీదే ఉంది. దానికి నడకే మందు, స్టూలు కాదన్నారు. వారం అంటే ఏమిటో డాక్టరమ్మ నాకు గోడ మీది క్యాలెండరు తీసి చూపించింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆసుపత్రిలో నేను నిద్రపోయాననుకున్నావు. పోలేదు. నర్సు లేపి కూర్చోబెట్టమంటే మీ వదిన ఇటు పట్టింది, కుదరలేదు. నువ్వు వచ్చి చంకల కింద చేతులు వేసి ఎత్తావు. తొడలు వణికాయి నీకు, నా వీపుకి తెలిసింది. కానీ ఎత్తావు. తర్వాత ఫ్యాను నా వైపు తిప్పి తల బిగించావు. నీ చొక్కా తడిసి ఉంది. చూశాను.

కుళ్లు పోయిందని అనుకోకు. నువ్వు వెళ్లినప్పటినుంచీ మీ వదిన "మరిది ఎలా ఎత్తాడో చూశావా" అని చుట్టుపక్కల వాళ్లని పిలిచి చెబుతోంది. ఎవరిని ఎత్తాడో మాత్రం చెప్పడం లేదు. సామానేమో అనుకుంటారు.

యజమానిని అడిగాను. అడగడానికి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నోరు విప్పమన్నావు కదా, విప్పాను. తెల్లబట్టకి రంగు వెలిసే భయం లేదు, దాన్ని ఇప్పటికీ ఎండలోనే ఆరేస్తారు. పొద్దున పూట నన్ను అక్కడికి పంపమన్నాను. మధ్యాహ్నం అత్తగారి దగ్గర. మా గదిలోని మిగతావాళ్లని కూడా వంతులవారీగా బయటికి పంపమన్నాను. సరేనన్నాడు. "నీకు మాట వచ్చునా!" అని ఆశ్చర్యపోయాడు. నాకే ఆశ్చర్యం.

ఇన్నేళ్లు ఎండను తిట్టుకుంటూ పనిచేశాను. ఇప్పుడు తీగల మధ్య నడుస్తుంటే తడిబట్ట చల్లగా చేతులకి తగులుతుంది, వీపు మీద ఎండ. బాగుంది. ఎండన పడే మనిషి అని మామగారు అన్న మాటలో ఈ సుఖం ఉందని నాకెవరూ చెప్పలేదు.

తెల్లబట్ట తిరగేయడానికి రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. నీకు సెలవులు మిగిలి ఉన్నాయని మరదలు చెప్పిందట. ఇద్దరూ రండి. ఆడవాళ్లు ఫోను లేకుండా ఎదురెదురుగా మాట్లాడుకుంటారు. మనం మాట్లాడక్కర్లేదు, నువ్వు ఒక కొస పట్టుకో, నేనొక కొస పట్టుకుంటాను.

బస్సులో రాసిన కాగితంలో నన్ను నువ్వు అన్నావు. మళ్లీ మీరు అనకు.

ఏ వారం వస్తావో రాయి. నేను అడిగేది ఆదివారమా, సోమవారమా అని. తేదీ కూడా వెయ్యి, నా సంగతి తెలుసు కదా. ఆలస్యం చెయ్యకు. పోస్టు మనిషి సైకిలు గంట మోగినప్పుడల్లా తీగల మధ్య నుంచి తొంగి చూస్తున్నాను. 

అన్నయ్య